పెరట్లో పునాది తీసే ముందు భూమిలోని నీటి పైపుల దారి ఎలా కనుక్కోవాలి?

ప్రశ్న: తోటపాలెం గృహస్థు, విజయనగరం

అందరికీ నమస్కారం. విజయనగరం తోటపాలెంలో మా నాన్నగారు 1987లో కట్టించిన డాబా ఇంట్లో అమ్మ, నేను, నా కుటుంబం ఉంటున్నాం. మోకాళ్ల నొప్పుల వల్ల అమ్మకు మేడ మెట్లు ఎక్కడం కష్టమైపోయింది కాబట్టి, పెరట్లో 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవుతో ఒక గది, దానికి ఆనుకొని స్నానాల గది కట్టించాలని నిశ్చయించుకున్నాం. తాపీ మేస్త్రీ గారు వచ్చి ముగ్గు పోసి, ఆరు స్తంభాలకు నాలుగేసి అడుగుల లోతున గోతులు తీయాలని చెప్పి వెళ్లారు. ఆ ముగ్గు ఇప్పటికి రెండు వానలకు కొట్టుకుపోయింది గాని, గోతులు తీయించే ధైర్యం మాత్రం నాకు రాలేదు.

కారణం ఏమిటంటే, మా పెరట్లో ఏ పైపు ఎటు పోతోందో చెప్పగలిగిన మనిషి నాన్నగారొక్కరే. ఆయన రెండేళ్ల క్రితం కాలం చేశారు. ఇంటి ప్లానులో గదులు, కిటికీలు, మెట్లు అన్నీ ఉన్నాయి గాని భూమిలోని పైపుల గీత ఒక్కటీ లేదు. నాకు తెలిసినంతవరకు మూడు రకాల పైపులు ఉండాలి. ఇల్లు కట్టినప్పుడు వేసిన మునిసిపాలిటీ కుళాయి జి.ఐ. (జింకు పూత ఇనుప) పైపు ఒకటి, అదే కాలంలో పెరటి నుయ్యి నుంచి మోటారుతో మేడ మీది ట్యాంకుకు నీళ్లు ఎక్కించిన జి.ఐ. పైపు మరొకటి, 2009లో బోరు వేయించినప్పుడు పరిచిన పి.వి.సి. (ప్లాస్టిక్) పైపు మూడోది. నుయ్యి నీళ్లు వాడటం మానేసి చాలా ఏళ్లయింది. దాని పైపును అప్పుడు తీసేశారో, మట్టిలోనే వదిలేశారో తెలియదు.

గత నెల కొబ్బరి మొక్క నాటుదామని గొయ్యి తీయిస్తే, రెండో దెబ్బకే గునపం ఒక పైపులో దిగింది. తెల్లవారుజామున కుళాయి వచ్చే వేళ కావడంతో నీళ్లు ఎగజిమ్మి పెరడంతా మడుగయింది. బాగుచేయించేసరికి రెండు రోజులు పట్టింది. ఆ వచ్చిన ప్లంబరు, ఇలాంటి ఇంట్లో పైపులు వెతకడం అనవసరమని, పెరడంతా తవ్వి పాతవన్నీ పీకేసి కొత్తవి వేయడమే మార్గమని చెప్పారు. అది నిజమేనా? పెరడంతా తవ్వకుండా, ఉన్న పైపులకు దెబ్బ తగలకుండా, వాటి దారి తెలుసుకునే పద్ధతి ఏదైనా ఉంటే అనుభవజ్ఞులు దయచేసి వివరంగా చెప్పండి.

జవాబు: విశ్రాంత వర్క్ ఇన్‌స్పెక్టర్, శ్రీకాకుళం

బాబూ, నేను ముప్పై ఏళ్లపాటు మంచినీటి సరఫరా పనుల్లో ఉన్నవాణ్ణి, ఇటువంటి పెరళ్లు చాలా చూశాను. మీరు ముందుగా మనసులోంచి తీసేయవలసిన భయం ఒకటుంది: మీకు పెరడంతా తెలియనక్కర్లేదు. ఆరు గోతులు, వాటిని నేల మట్టం దగ్గర కలిపే కాంక్రీటు దూలం (ప్లింత్ బీము) పోయే దారి, ఈ కొద్ది మేరలో పైపు ఉందా లేదా అన్నది తేలితే మీ పని జరుగుతుంది. పెరడంతా వెతకాలనుకుంటే రోజులు పడతాయి. ఆరు గోతుల గురించి తేల్చుకోవడానికి ఒక పూట చాలు.

ఇక వెతికే వరస చెబుతాను. ఏ పైపుకైనా రెండు కొసలు పైకి కనబడుతూనే ఉంటాయి. గేటు దగ్గర మీటరో వాల్వో, సంపు మూత కింద ఒక కొస, నుయ్యి గట్టు, బోరు తల, మోటారు, మేడ గోడ వెంట పైకి ఎక్కే పైపులు, పెరటి కుళాయి, స్నానాల గది గోడలోంచి బయటికి వచ్చేవి, ఇలా నేలలోకి దిగే ప్రతి పైపునూ ఒక కాగితం మీద గుర్తు పెట్టండి. ఇనుమా ప్లాస్టిక్కా, అరంగుళమా ముప్పావా అంగుళమా అన్నది కూడా పక్కన రాయండి. ఆ తర్వాత ప్రతి కొస దగ్గరా చేతిపారతో, గునపం ముట్టకుండా, పైపు వెంటే మట్టి తీసుకుంటూ కిందికి వెళ్లండి. అడుగో, అడుగున్నరో దిగేసరికి ఎల్బో, అంటే పైపును మలుపు తిప్పే ముక్క, కనబడుతుంది. ఆ ఎల్బో ముఖం ఎటు తిరిగి ఉందో పైపు అటే పోతోందన్నమాట. యంత్రాలన్నిటికన్నా ముందు చేయవలసిన పని ఇది, దీనికి ఖర్చు కూడా లేదు.

జి.ఐ. పైపు మరలు వేసి బిగించేది కాబట్టి వంకరగా పోదు. సాధారణంగా 6 మీటర్ల ముక్కలుగా వస్తుంది, తిన్నగా పోయి, తిరగవలసిన చోట ఎల్బోతో మూలమట్టంగా తిరుగుతుంది. అందుచేత ఒక కొసలో ఎల్బో ముఖం, రెండో కొసలో ఎల్బో ముఖం తెలిస్తే, రెండు వైపుల నుంచీ దారం లాగితే అవి కలిసే చోటే మలుపు ఉంటుందని చాలావరకు నమ్మవచ్చు. పి.వి.సి. పైపును కొందరు వేడి చేసి వంచేస్తారు కాబట్టి దాన్ని అంత నమ్మడానికి లేదు. చుట్టలుగా వచ్చే నల్లటి హెచ్.డి.పి.ఇ. ప్లాస్టిక్ పైపు అయితే పాములా ఎటైనా పోవచ్చు. మునిసిపాలిటీ పైపు విషయంలో ఇంకో ఆధారం ఉంది. వీధిలోని పెద్ద పైపుకు ఫెర్రూల్ (ఇంటి కనెక్షనుకు నీరు తీసే బిగింపు) బిగించి, అక్కడి నుంచి మీ గేటుకు దగ్గరి దారిన, అంటే దాదాపు అడ్డంగా తిన్నగా, సర్వీసు పైపు తెస్తారు. ఫెర్రూల్ ఎక్కడుందో మీ వీధికి నీళ్లు వదిలే ఫిట్టరును అడగండి. వార్డు సచివాలయంలో సౌకర్యాలు చూసే (ఎమెనిటీస్) కార్యదర్శిని కలిస్తే ఆయన్ను పిలిపిస్తారు. గేటు బయట రోడ్డును మాత్రం మీరు సొంతంగా తవ్వించకండి, దానికి అనుమతి కావాలి.

రెండో సంగతి, ఏ పైపులో ఎప్పుడు నీరు ఒత్తిడితో ఉంటుందో తెలుసుకోవడం. మునిసిపాలిటీ పైపు కుళాయి వచ్చే వేళలోనే నిండుతుంది. బోరు పైపులో మోటారు తిరిగేటప్పుడే ఒత్తిడి ఎక్కువగా ఉంటుంది. ట్యాంకు నుంచి కిందికి దిగే పైపుల్లో మాత్రం రాత్రీ పగలూ ఉంటుంది. మట్టిలో తడి కనబడితే అది ఏ వేళ పెరుగుతోందో రెండు మూడు రోజులు గమనిస్తే అది ఏ పైపుదో తవ్వకుండానే చెప్పవచ్చు. ఊరు సద్దుమణిగాక, పొడుగాటి ఇనుప చువ్వ ఒక కొస జి.ఐ. పైపుకు ఆనించి రెండో కొస చెవి పక్క ఎముకకు ఆనించి వింటే లోపల నీరు పారే రొద వినబడుతుంది. మా రోజుల్లో లీకులు పట్టడానికి అదే సాధనం. ప్లాస్టిక్ పైపు శబ్దాన్ని దూరం మోయదు కాబట్టి దానికి ఇది పనికిరాదు.

లోతు గురించి జాగ్రత్త చెప్పాలి. మన దిక్కున మంచు గడ్డకట్టే చలి లేదు కనుక ఇళ్లలో పైపులను అడుగున్నర, రెండడుగులకు మించి లోతుగా వేయరు. కాని ప్రతిసారీ పాత రోడ్డు మీదే కొత్త సిమెంటు రోడ్డు పోయడంతో వీధి లేచిపోయి, వాననీరు లోపలికి రాకుండా ఇళ్లవాళ్లు గ్రావెల్ తోలించి పెరడు మెరక చేసుకుంటారు. 1987 నాటి నేల మట్టానికి రెండడుగుల లోతున వేసిన పైపు నేడు మూడు, మూడున్నర అడుగుల కింద ఉండవచ్చు. మీ ఇంట్లో అలా మెరక వేశారో లేదో తులసికోట అడుగు, నుయ్యి గట్టు ఎంత మేర మట్టిలో కూరుకుపోయాయో చూస్తే తెలుస్తుంది. కనుక ఆరు గోతులనూ మొదటి మూడున్నర అడుగుల వరకు పారతోనే తీయించండి. పైపు వేసినప్పుడు తవ్విన కాలువ మట్టి, ఎన్నడూ తవ్వని మట్టి ఒకేలా ఉండవు. మన ఎర్రమట్టిలో ఇది మరీ స్పష్టంగా తెలుస్తుంది: గట్టిగా ఉన్న ఎర్రమట్టి మధ్య ఇసుక, ఇటుక ముక్కలు, వదులు మట్టి కలిసిన పట్టీ కనబడిందంటే అక్కడ ఎవరో ఒకప్పుడు కాలువ తీశారని అర్థం. అక్కడ కూలీని ఆపి చేత్తో మట్టి తీయించాలి.

ఆ ప్లంబరు చెప్పినది పూర్తిగా తప్పు అనలేను. అంత పాత జి.ఐ. పైపు లోపల తుప్పు గడ్డకట్టి సగం మూసుకుపోయి ఉంటుంది, మరలు వేసిన చోట గోడ పలచబడి ఉంటుంది. కొత్తది వేసుకోవడం మంచిదే. కాని కొత్తది వేయడానికి పాతది పీకనక్కర్లేదు. ప్రహరీ గోడ వెంట కొత్త పైపు వేసి, పాతదాన్ని నీరు వచ్చే కొస దగ్గర కోసి ఎండ్ క్యాప్ వేసేస్తే చాలు. చివరి కొస దగ్గర మాత్రమే మూసి మొదలు వదిలేస్తే, ఆ పైపులో నిలవనీరు ఉండిపోతుంది, రేపు మళ్లీ గునపం దిగితే మళ్లీ జిమ్ముతుంది.

జవాబు: బొబ్బిలి గృహిణి

పెద్దాయన గారు చెప్పిన రెండో సంగతి, అంటే వేళను బట్టి పైపును గుర్తించడం, మాకు ముందే తెలిసి ఉంటే ఒక వేసవంతా ఇబ్బంది పడేవాళ్లం కాదు. మా పెరటి టైల్స్ మధ్య ఎప్పుడూ తడిగా ఉండేది. అది మునిసిపాలిటీ పైపేనని ఒకరు గట్టిగా చెప్పడంతో గేటు నుంచి వంటింటి దాకా టైల్స్ తీయించాం. అక్కడ పైపు బాగానే ఉంది. ఆ తర్వాత మా తోటికోడలు, జిల్లా పరిషత్ పాఠశాలలో సైన్సు పాఠాలు చెబుతుంది, తడి నీటిని సీసాలో పట్టి నీటిలో కరిగిన లవణాలు ఎంతున్నాయో చూపే టి.డి.ఎస్. మీటరు పెట్టి చూసింది. మా కుళాయి నీళ్లు 160 దగ్గర, బోరు నీళ్లు 800 దగ్గర చూపించాయి. టైల్స్ మధ్య నీళ్లు 790. తప్పు బోరు పైపుదని అయిదు నిమిషాల్లో తేలిపోయింది. బోరు నీరూ కుళాయి నీరూ ఉన్న ఇంట్లో ఇంత తేలికైన పరీక్ష ఇంకొకటి లేదు.

క్లోరిన్ చుక్కల పరీక్ష కూడా చేయవచ్చు. తాగునీటి ప్రమాణాల ప్రకారం సరఫరా నీటిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి, చుక్కలు వేస్తే పసుపు రంగు తేలుతుంది. రంగు వస్తే అది కుళాయి నీరేనని చెప్పవచ్చు. రాకపోతే మాత్రం కాదని చెప్పడానికి లేదు, ఎందుకంటే మట్టిలో ఇంకుతూ వచ్చిన నీటిలో క్లోరిన్ హరించుకుపోతుంది.

ట్యాంకు కింది పైపులను పరీక్షించడానికి రాత్రి పడుకునే ముందు కుళాయిలన్నీ కట్టేసి, ట్యాంకులో నీటి మట్టం దగ్గర గుర్తు పెట్టి, తెల్లవారాక చూడండి. మామూలు 1000 లీటర్ల గుండ్రటి ట్యాంకు అడ్డుకొలత సుమారు 110 సెంటీమీటర్లు ఉంటే, మట్టం ఒక సెంటీమీటరు దిగడమంటే దాదాపు 9.5 లీటర్లు పోయినట్టే. ఫ్లష్ ట్యాంకు కారుతున్నా మట్టం దిగుతుంది కాబట్టి దాని వాల్వు కూడా కట్టేయాలి.

ఇంకొక్క మాట, ఇది మనసులో బాధతో రాస్తున్నాను. కుళాయి పైపుకు చిన్న చిల్లు పడి బాగుచేయకుండా వదిలేస్తే పోయేది నీళ్లు మాత్రమే కాదు. మన ఊళ్లలో కుళాయి రోజుకు కొద్దిసేపే వస్తుంది. మిగతా వేళ పైపులో ఒత్తిడి ఉండదు కాబట్టి చుట్టూ ఉన్న మురికి నీటిని పైపు ఆ చిల్లులోంచి లోపలికి పీల్చుకుంటుంది, మర్నాడు కుళాయి రాగానే అదే ముందుగా బిందెలోకి వస్తుంది. మీరు గత నెల వేయించిన అతుకు గట్టిదో కాదో, మట్టి కప్పకముందే కుళాయి వేళ ఒకసారి చూసుకోండి. పెరట్లో సెప్టిక్ ట్యాంకు ఉంటే ఇది మరీ ముఖ్యం.

మీ అమ్మగారిని అడిగారా? పైపులు వేయించింది నాన్నగారే అయినా, ఆ పెరట్లో ముప్పై ఏళ్లు నీళ్లు తోడి, అంట్లు తోమి, మొక్కలు పెంచింది ఆవిడే కదా.

తోటపాలెం గృహస్థు:

ఇద్దరికీ మనఃపూర్వకంగా కృతజ్ఞతలు. ఆదివారం పొద్దున కూర్చుని కొసలన్నీ రాశాను. నేలలోకి దిగే పైపులు తొమ్మిది తేలాయి, నేను మూడే అనుకున్నాను. గేటు దగ్గర అరంగుళం జి.ఐ. ఎల్బో దక్షిణపు ప్రహరీ వైపు తిరిగి ఉంది. నుయ్యి గట్టు దగ్గర అంగుళం జి.ఐ. పైపు తిన్నగా మేం గది కట్టబోయే చోటికే పోతోంది. బోరు పైపు మాత్రం దొరకలేదు. బోరు తల చుట్టూ సిమెంటు చేసేశారు.

రెండు సందేహాలు మిగిలాయి. మా పక్కింటి పెద్దలు వేప పంగ పట్టుకుని నీటి జాడ చెప్పే ఒకాయన్ను పిలిపిస్తామంటున్నారు. ఆయన పైపులు కూడా చెబుతారట. మా తమ్ముడేమో యంత్రంతో వెతికే వాళ్లను పిలిపిద్దామంటున్నాడు. ప్లాస్టిక్ పైపును యంత్రం పట్టగలదా? అమ్మను ఇంకా అడగలేదు. నిజానికి ఆ ఆలోచనే నాకు రాలేదు.

జవాబు: సర్వే ఇంజినీరు, విజయనగరం

భూగర్భ కేబుళ్లు, పైపుల దారి గుర్తించే పనిలో ఉన్నాను కాబట్టి యంత్రాల గురించి నాకు తెలిసినది రాస్తాను. ముందుగా చెప్పవలసినది, ప్లాస్టిక్‌ను నేరుగా పట్టే యంత్రాన్ని ఇళ్ల స్థాయిలో నమ్ముకోవడానికి లేదు. మేము వాడే లొకేటరులో రెండు భాగాలుంటాయి. ట్రాన్స్‌మిటరు తీగను కుళాయి దగ్గర జి.ఐ. పైపుకు తగిలిస్తాం, రెండో తీగను పైపు పోతుందనుకున్న దిశకు అడ్డంగా కొన్ని మీటర్ల దూరంలో నేలలో దిగగొట్టిన మేకుకు కలుపుతాం. పైపులోకి ఒక నిర్ణీత పౌనఃపున్యంలో సంకేతం పోతుంది; రిసీవరు పట్టుకుని నేల మీద నడిస్తే పైపుకు సరిగ్గా పైన సంకేతం బలంగా వస్తుంది. లోతు కూడా చెప్పవచ్చు: ఆంటెనాను 45 డిగ్రీలు వంచి పక్కకు జరుగుతూ పోతే ఒక చోట సంకేతం పడిపోతుంది, పైపు నుంచి అక్కడికి నేల మీద ఎంత దూరమో పైపు అంత లోతున ఉన్నట్టు.

ఇందులో రెండు చిక్కులున్నాయి. 8 కిలోహెర్ట్జ్ వంటి తక్కువ పౌనఃపున్యం దూరం పోతుంది, పక్కనున్న లోహాలకు అంతగా అంటుకోదు. 33 కిలోహెర్ట్జ్, అంతకు మించినవి తుప్పు పట్టిన జాయింట్లను దాటగలవు గాని స్లాబు చువ్వల్లోకి, ఇనుప కంచెలోకి కూడా పాకి తప్పుదారి పట్టిస్తాయి. కాబట్టి రెండు పౌనఃపున్యాల్లోనూ చూసి, రెండూ ఒకే చోట చూపిస్తేనే నేను ముగ్గు వేస్తాను. రెండో చిక్కు, పాత జి.ఐ. పైపును ఎప్పుడో మధ్యలో కోసి ప్లాస్టిక్ ముక్క వేసి ఉంటే సంకేతం అక్కడ ఆగిపోతుంది. దాన్ని పైపు కొస అనుకోకూడదు. అక్కడ ఒక మరమ్మతు జరిగిందన్న సమాచారంగా తీసుకుని ఆ చోట చిన్న గొయ్యి తీసి చూడాలి.

ప్లాస్టిక్ పైపు లోపలికి ఏదైనా లోహపు తీగ పంపగలిగితే ఇదే యంత్రంతో పట్టవచ్చు. పైపును ఖాళీ చేసి, ఎలక్ట్రీషియన్లు గోడ పైపుల్లో వైర్లు లాగడానికి వాడే స్ప్రింగు తీగను నెట్టి, దానికి ట్రాన్స్‌మిటరు కలుపుతాం. అరంగుళం, ముప్పావు పైపుల్లో మూలమట్టపు ఎల్బో వచ్చిందంటే తీగ అక్కడ ఆగుతుంది. ఆగిన చోటే మలుపు ఉందని తెలుస్తుంది కాబట్టి అది కూడా లాభమే. భూమిలోకి రాడారు తరంగాలు పంపే జి.పి.ఆర్. యంత్రం ప్లాస్టిక్‌ను చూడగలదన్న మాట నిజమే గాని, అడుగు లోతుకు అంగుళం చొప్పున పైపు లావు ఉంటేనే సరిగా కనబడుతుందని మా పనిలో ఒక లెక్క. రెండడుగుల లోతున ముప్పావు అంగుళం పైపుకు అంత ఖర్చు పెట్టమని నేను చెప్పను. పైగా తడిసిన బంకమట్టిలో ఆ తరంగాలు త్వరగా చచ్చిపోతాయి. తక్కువ ధరలో దొరికే మెటల్ డిటెక్టరు పాత మేకుకూ, సీసా మూతకూ, పైపుకూ ఒకేలా మోగుతుంది.

తవ్వే ముందు సమాచారం కోసం 2023 మార్చి 22న కేంద్ర ప్రభుత్వం ‘కాల్ బిఫోర్ యు డిగ్’ అనే యాప్ ప్రారంభించింది. అది రోడ్లు తవ్వే సంస్థలకూ, అక్కడ కేబుళ్లు, పైపులు ఉన్న సంస్థలకూ మధ్య సమాచారం అందించడానికి ఉద్దేశించినది. మీ ప్రహరీ లోపలి పైపులు అందులో ఉండవు.

వేప పంగ విషయం. పెద్దల నమ్మకాన్ని నొప్పించడం నా ఉద్దేశం కాదు గాని, మీరు పునాది తవ్వబోతున్నారు కాబట్టి తెలిసినది చెప్పాలి. 1990లో జర్మనీలోని కాసెల్ నగరంలో సరిగ్గా ఈ విషయం మీదే పరీక్ష జరిగింది. నేలలో 50 సెంటీమీటర్ల లోతున ప్లాస్టిక్ పైపు పాతి, అందులో నీరు పారుతోందో లేదో చెప్పమని దాదాపు 30 మంది జాడ చెప్పేవారిని అడిగారు. పరీక్షకు ముందు వాళ్లందరూ తప్పక చెప్పగలమనే అన్నారు. అందరి జవాబులూ కలిపి చూస్తే గుడ్డిగా ఊహించి చెప్పినదానికి మించి రాలేదు. మన పల్లెల్లో జాడ చెప్పేవారికి నేల వాలు, చెట్ల పచ్చదనం చదివే అనుభవం ఉంటుంది, అది నుయ్యి తవ్వే చోట పనికిరావచ్చు. ముప్పావు అంగుళం పైపు నేల మీద అటువంటి ఆనవాలు ఏదీ చూపదు. ఆయన లేదన్న చోట గునపం వేయించకండి.

విశ్రాంత వర్క్ ఇన్‌స్పెక్టర్, శ్రీకాకుళం:

ఇంజినీరు గారు చెప్పినదంతా సరైనది. ఒక ప్రాణాపాయం గురించి మొదటే రాయవలసింది, మరిచాను. బోరు పైపు వేసిన కాలువలోనే మోటారు కరెంటు తీగ కూడా వేసేయడం మన దగ్గర అలవాటు, ఒక్కోసారి పైన పైపు తొడుగు కూడా ఉండదు. గోతులు తీసే రోజు మోటారు స్విచ్చి కట్టేయడం చాలదు, మెయిను బోర్డులో దాని బ్రేకరు దించి, పొరపాటున ఎవరూ వేయకుండా అక్కడ ఒక మనిషిని ఉంచండి. అలాగే పాత ఇళ్లలో కరెంటు ఎర్తింగును కుళాయి జి.ఐ. పైపుకే కట్టేసేవారు. ఇంట్లో ఎక్కడైనా లోపం ఉంటే ఆ పైపులో కరెంటు ఉండవచ్చు. ముట్టుకునే ముందు టెస్టరు పెట్టి చూడండి. పైపుకు ఎర్తు తీగ కనబడితే, విడిగా ఎర్తు గొయ్యి తీయించి దానికి మార్పించిన తర్వాతే పైపు కోయాలి. తడి నేలలో చెప్పులు లేకుండా నిలబడి కోసేవాళ్లను చూశాను, అందుకే ఇంతగా చెబుతున్నాను.

తోటపాలెం గృహస్థు:

మూడు వారాల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి. గోతులు పూర్తయ్యాయి, ఒక్క పైపు కూడా దెబ్బతినలేదు.

ఆ రోజు సాయంత్రం అమ్మను అడిగాను. ఆవిడ కాసేపు ఆలోచించి, పెరట్లోకి వచ్చి, తులసికోటకు పడమర వైపు మట్టిలో సగం కూరుకుపోయిన నల్లరాయి చూపించింది. ‘మీ నాన్నగారు కుళాయి పైపు మలుపు దగ్గర గుర్తు కోసం పాతించారు, బట్టలు ఉతుక్కోవడానికి బాగుందని నేను దాన్ని కదపనివ్వలేదు’ అంది. నా చిన్నప్పటి నుంచి ఆ రాయి మీద కూర్చుంటూ ఉన్నాను. అక్కడ పారతో మట్టి తీయిస్తే రెండడుగుల తొమ్మిది అంగుళాల లోతున జి.ఐ. ఎల్బో బయటపడింది. పెద్దాయన గారు చెప్పినట్టే నేల దాదాపు అడుగు మెరక లేచి ఉంది. తులసికోట కింది వరస ఇటుకలు మట్టిలో ఉన్నాయి.

లొకేటరు ఉన్నవాళ్లను ఒక పూటకు పిలిపించాం. కుళాయి పైపు ప్రహరీకి 14 అంగుళాల ఎడంలో తిన్నగా వచ్చి రాయి దగ్గర తిరిగి స్నానాల గదికి పోతోంది. రాయి దాటిన తొమ్మిది అడుగులకు సంకేతం ఆగింది. తవ్వితే ప్లాస్టిక్ ముక్క వేసిన పాత అతుకు కనబడింది, సన్నగా కారుతోంది కూడా. నుయ్యి పైపు మా మూడో గోతి మధ్యలోంచే పోతోంది. దాన్ని నుయ్యి దగ్గర కోయించి క్యాప్ వేయించి, గోతిలోకి వచ్చిన మేర ముక్క తీయించేశాం. కోసే ముందు టెస్టరు పెడితే వెలగలేదు గాని, కుళాయి పైపుకు మాత్రం పెద్దాయన గారు చెప్పినట్టే ఎర్తు తీగ చుట్టి ఉంది. దాన్ని విడిగా మార్పించాం.

బోరు పైపుకు మోటారు వైపు యూనియన్ (విప్పి బిగించే జాయింటు) విప్పి స్ప్రింగు తీగ నెడితే 11 అడుగుల దగ్గర ఆగింది. అక్కడ అడ్డంగా కాలువ తీయిస్తే అడుగు పది అంగుళాల లోతున పైపు, దానికి ఆనుకొని ఏ తొడుగూ లేని మోటారు తీగ కనబడ్డాయి. అది అయిదో గోతికి అంచునే ఉంది. భవన నిర్మాణ ఇంజినీరును సంప్రదిస్తే ఆ స్తంభాన్ని 18 అంగుళాలు లోపలికి జరిపి బీము కొలత మార్చి ఇచ్చారు. తీగకు ఇప్పుడు పైపు తొడుగు వేయించాం.

తొమ్మిది కొసల్లో ఎనిమిదింటి లెక్క తేలింది. మేడ గోడ పక్కన నేలలోకి దిగే ఒక ముప్పావు పైపు ఎక్కడికి పోతుందో ఇంకా తెలియలేదు. ట్యాంకు మట్టం రాత్రంతా కదలలేదు, ఆ పైపు వాల్వు తిప్పినా ఏ కుళాయీ ఆగలేదు. మా గోతుల వైపు రావడం లేదని మాత్రం లొకేటరు చూపించింది. ప్రతి మలుపుకూ ఇంటి రెండు మూలల నుంచి టేపు పట్టి కొలతలు రాసి, గోతులు పూడ్చకముందు ఫొటోలు తీసి, ఆ పటాన్ని మీటరు పెట్టె తలుపు లోపలి వైపు అంటించాను. నల్లరాయిని దాని చోటనే, ఇప్పటి నేల మట్టానికి పైకి లేపి మళ్లీ పాతించాం.